వెయ్యి దాటిన చేదబావి

నల్గొండ,
సోమవారం

పీర్ మహమ్మద్ మామూకు,
నీ అక్క కూతురు జీనత్ సలాములు చెప్పి రాస్తున్నది.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. స్పీకర్ పెట్టనిదే నీకు వినపడదు. స్పీకర్ పెడితే పాలగుట్ట మొత్తానికీ వినపడుతుంది. పోయినసారి నా మోకాలి నొప్పి సంగతి నీకు చెప్పుకుంటే, మర్నాటి బస్సులో ఊళ్లోంచి నాకు నాలుగు రకాల నూనెలు వచ్చాయి. అందుకే దీన్ని దేవరకొండ బస్సు నడిపే డేవిడ్ చేతికిచ్చి పంపుతున్నాను.

మిస్బా కాన్పుకు నీ దగ్గరికే వస్తానని పట్టుబట్టిందన్నావు. నువ్వు పెంచిన మనుమరాలు, ఇంకెక్కడికి పోతుంది? కానీ ఆత్మకూర్‌లో దాని అత్త వజీరా "కృష్ణ నీళ్లు తాగే పిల్లను ఆ గార పళ్ల ఊరికి పంపను, నీళ్లు మంచియని ఆఫీసోళ్లు రాసిస్తేనే పంపుత" అన్నదట. ఆమె మాట కటువే గానీ ఆమె భయాన్ని తప్పుపట్టలేను. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో చెప్పడానికి నీ వంగిన నడుమొక్కటి చాలు.

నీళ్ల పరీక్షల ఆఫీసులో కంప్యూటర్ పని నాదే కాబట్టి రాసివ్వమంటున్నావు. రాస్తాను, మామూ. కాకపోతే రాసేముందు నాకు తెలియాలి కదా. జిల్లాలో ఉన్న బావులూ బోర్ల వివరాలు, బావికొక వరుస చొప్పున, ముందు డేటాబేస్‌లోకి ఎక్కాలి. అవన్నీ ఎక్కితేనే ల్యాబ్ వాళ్లు సీసా నంబర్ల మీద ఫలితాలు పంపుతారు. ఎవరూ తమ ఊరి అంకె మీద చెయ్యి పెట్టకుండా చేసిన ఏర్పాటు ఇది.

ఈ పొద్దున మొత్తం ఫైలు కంప్యూటర్‌కు ఒక్కసారే ఇచ్చి చాయ్ కోసం లేవబోయాను. తెర నిండా ఎర్ర అక్షరాలు. ఒక్క వరుస కూడా ఎక్కలేదు. ఎం.సి.ఏ. చదివాను, తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి, అయినా ఎర్ర అక్షరాలు చూస్తే హెడ్‌మాస్టర్ గదిలో నిలబడ్డట్టే ఉంటుంది నాకు. తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటాను, ఏ తప్పో తర్వాత వెతుక్కుంటాను.

నువ్వు మాత్రం ఫికర్ చేయకు. దుప్పటి కప్పుకొని పడుకో.

ఇట్లు, నీ బదులు కూడా తానే ఫికర్ చేస్తున్న
జీనత్

తా.క. పై భాగంలోని ఊళ్లు కొన్ని విడిగా ఇచ్చి చూశాను, తీసుకుంది. పాలగుట్ట ఉన్న కింది భాగం ఇస్తే మాత్రం మళ్లీ వద్దనేసింది.

&nbsp;

పాలగుట్ట,
మంగళారం

బేటీ జీనత్‌కు,
మీ మామూ దువా.

నీ ఉత్తరం డేవిడ్ తెచ్చిచ్చిండు. నా కండ్లకు అక్షరాలు ఆనుతలేవు, అందుకని పక్కింటి వెంకటనర్సుతోని చదివిచ్చుకున్న. మగ్గం మీదికెల్లి దిగకుంటనే చదివిండు. మగ్గం చప్పుడుల నాకు వినపడాలె కద, జర గట్టిగనే చదివిండు. నీ మోకాలు ఇప్పుడు ఎట్లున్నదని అందరు అడుగుతున్నరు.

తా.క. కాడికొచ్చినంక మగ్గం ఆగింది. నర్సు నా మొఖం దిక్కు చూసిండు.

"పీరన్నా, మంది బావులన్ని మింగిన కంప్యూటరు మన బావినే ఉమ్మేసిందంటనే!"

వాకిట్ల పోతున్న లక్ష్మీనర్సమ్మ చెవుల పడ్డది. ఆమె మా వార్డు మెంబరు, తెల్వదా నీకు, ఆమెకు తెలిస్తె మైకు అక్కర లేదు. సంకల బిందె ఆడనే ఇడిసిపెట్టి ఉరికింది.

బేటీ, ఈ నీళ్లు ఖరాబని తెలుసు. పప్పు ఉడకది, పండ్లు పచ్చగైతయి, నలభై దాటంగనే మెడ తిరుగది. అన్ని తెలిసే తాగినం. కని ఇనుప మిషిన్‌కు గూడ పడని నీళ్లని మాకెవలు చెప్పిండ్రు? మిషిన్‌కు పండ్లు లేవు, ఎముకలు లేవు. అదే వద్దన్నదంటె అండ్ల ఏమున్నట్టు?

మాపటికల్ల బావి మీద తుమ్మకంప ఏసినం. వారానికి ఒక్కపారి వచ్చే సర్కారు ట్యాంకరు నీళ్లనే బొట్టుబొట్టు లెక్క వాడుతున్నం. స్నానాలు బందు. మా బర్రెను గూడ ఆ దిక్కు పోనిస్తలేను. అది గుంజుతాంది, దానికి సదువు రాదు కద.

ఆత్మకూరుకు ఎవలు చెప్పిండ్రో ఏమో, వజీరా ఫోన్ చేసింది. "మీ నీళ్లకు కంప్యూటర్ కక్కిందట కదా భాయ్" అన్నది. దగ్గు వచ్చినట్టు చేసి పెట్టేసిన. ఎనుకకెల్లి మిస్బా ఏడుపు వినపడ్డది. నాకు చెవులు వినపడయంటరు గని, గది వినపడ్డది బిడ్డా.

భయంతోని,
మీ పీర్ మామూ

తా.క. కంప్యూటర్ పానం ఎట్లున్నది? దవాఖానకు తీస్కపోయిండ్రా?

&nbsp;

నల్గొండ,
బుధవారం

మామూకు,
తల పట్టుకున్న జీనత్ సలాములు.

కంప్యూటర్ నీళ్లు తాగదు. ఈ ముక్క వెంకటనర్సన్నను రెండుసార్లు చదవమను, మగ్గం ఆపి.

అది తీసుకునేది నీళ్లను కాదు, నీళ్ల గురించిన రాతను. నిన్నంతా తలబద్దలు కొట్టుకుంటే కారణం దొరికింది. ఒక్క ఆదేశంలో వెయ్యి వరుసలకు మించి ఇస్తే అది మొత్తాన్నీ వెనక్కి కొడుతుంది. అందులో కోపం లేదు, అసహ్యం లేదు. అదొక హద్దు, అంతే. పాలగుట్ట ఫైలులో వెయ్యి దాటాక ఎక్కడో కింద ఉంది. మీ బావి బంగారమైనా మట్టైనా దానికి ఒకటే.

సరే, వెయ్యి వెయ్యి చొప్పున కోసి మరో పద్ధతిలో ఇద్దామనుకున్నాను. ఈ పద్ధతికి ఇంకో హద్దు ఉందని అప్పుడు తెలిసింది. ఈసారి లెక్క వరుసలది కాదు, వాటిలో నింపే విలువలది. అన్నీ కలిపి రెండు వేల చిల్లర దాటకూడదట. ఊరి పేరు, లోతు, తవ్విన సంవత్సరం, సీసా నంబరు అంటూ బావికి ఇరవై గళ్లు పెట్టింది నేనే. అంటే విడతకు వంద బావులు. నా శ్రద్ధే నాకు అడ్డం పడింది.

వందలుగా కోశాను. కొన్ని విడతలు ఎక్కాక నెట్ తెగిపోయింది. ఆ చివరి విడత లోపలికి పోయినట్టా, పోనట్టా? మళ్లీ ఇస్తే రెండుసార్లు పడుతుందేమో. ఇవ్వకపోతే ఆ వంద బావులూ లేకుండానే పోతాయేమో. గడప మీద ఒక కాలుతో నిలబడ్డట్టుంది నా పని. మా రాజేందర్ సార్ వచ్చి "ఏమైంది మేడమ్?" అంటే "ఏం లేదు సార్" అన్నాను.

తుమ్మకంప తియ్యమని చెప్పడానికి మాత్రం నాకు ధైర్యం చాలడం లేదు. కంప్యూటర్ వద్దన్నందుకు బావి చెడ్డది కాదు. అలాగని మంచిదనీ కాదు. మనకింకా తెలియదు, మామూ. వజీరాకు కూడా ఇదే మాట చెప్పు.

ఇట్లు, ఏదీ తేల్చి చెప్పలేని నీ
జీనత్

తా.క. వెయ్యి లోపల ఉన్న ఊళ్లకు ఏ తంటా లేదు. ఈ తిప్పలన్నీ వెయ్యి దాటిన మీకోసమే.

&nbsp;

పాలగుట్ట,
బుధారం మాపు

జీనత్ బేటీకి,
ఊరందరి తరఫున మామూ దువా.

ఇప్పుడు సమజైంది. అసలు ముచ్చట మొదలు చెప్పక నీళ్లు, రాత, గళ్లు అనుకుంట తిప్పినవు. నువ్వు సర్కారు కొలువుల ఉన్నవు, సీదా చెప్పరాదు, నాకు తెలుసు. సర్కారు వెయ్యి ఊర్లనే తీసుకుంటదన్నట్టు. మిగిలినోళ్లు పోయినట్టే.

పంచాయితి కాడ అందరం కూసున్నం. ఆ వెయ్యిల ఎవలున్నరని ఒకటే లొల్లి. పక్క తండ ఉన్నదని ఒకరు, లేదని ఒకరు. "తండోళ్లు మొన్న నల్లగొండ పోయి వచ్చిండ్రు, గందుకే" అన్నరు. వాళ్లు పోయింది పెండ్లి బట్టలకు. అయినా ఇప్పుడు వాళ్లకు మాకు మాటలు లేవు.

వెంకటనర్సు ఒక ఉపాయం చెప్పిండు. "అన్నా, ఆఫీసుల పేర్లు అక్షరాల వరుసల రాస్తరు. మనది 'ప' కాడున్నది, ఎప్పటికీ ఎనుకనే. ఊరు పేరు 'అపాలగుట్ట' అని మార్చుదం" అన్నడు. సగం మంది చేతులు లేపిండ్రు. నేను గూడ లేపిన.

లక్ష్మీనర్సమ్మ ఒప్పుకోలె. "పేరు మార్చుడు ఏంది, నేను పోయి ఆ హద్దు పెట్టినోన్ని అడుగుత" అన్నది. రేపు మొదటి బస్సుకు ఆడోళ్లందరు ఖాళీ బిందెలతోని మీ ఆఫీసుకు వస్తున్నరు. నీకు ముందుగాల తెలుస్తె మంచిదని డేవిడ్‌ను ఆపి రాస్తున్న. తుమ్మకంప మీద ఇంకింత కంప ఏసినం.

బేటీ, నాకు ఊరు వద్దు, పేరు వద్దు. మిస్బా కడుపుల ఉన్న దానికి నాలెక్క వంగిన నడుము రావద్దు. అది ఒక్కటి చూడు.

నీ మీదనే ఆశ పెట్టుకున్న
పీర్ మామూ

తా.క. వెయ్యి ఊర్లను ఏరేది నువ్వేనని తెలిసినకాడికెల్లి మా ఇంటికి సొరకాయలు వస్తున్నయి. మూడు వండుకున్న. మా ఊరు లోపలికి రాకపోతె వాటిని ఎట్ల వాపస్ ఇయ్యాలె?

&nbsp;

నల్గొండ,
గురువారం

మామూకు,
ఇంకా ఉద్యోగంలోనే ఉన్న జీనత్ సలాములు.

నీ ఉత్తరం, లక్ష్మీనర్సమ్మ ఒకే బస్సులో దిగారు. ఉత్తరం నేను విప్పేలోపే ఆమె వచ్చి నా కీబోర్డు పక్కన బిందె పెట్టింది.

"జీనతంటె నువ్వేనా బిడ్డా? ఆ వెయ్యి హద్దు పెట్టినోడు యాడుంటడు?"

"ఎవరూ పెట్టలేదమ్మా, అది సాఫ్ట్‌వేర్‌లోనే..."

"గా సాఫ్ట్‌వేరును బయటికి పిలువు. మాట్లాడుత."

రాజేందర్ సార్ లేచొచ్చారు. "మేడమ్, మీరు ఊళ్లను ఏరుతున్నారా?" అన్నారు. అబద్ధమని నాకు తెలుసు. అయినా ఒక్క క్షణం, ఏరుతున్నానేమో అనిపించింది. వందలుగా కోసింది నేనే, మధ్యలో వదిలింది నేనే. ఆ తెగిపోయిన విడతలో ఎవరి ఊరు ఉందో నాకే తెలియదు.

వాళ్లు వరండాలో బిందెలు బోర్లించి కూర్చున్నారు. ఆ ఖాళీ బిందెలు చూస్తూ కూర్చుంటే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆదేశంలో వరుసలు రాసి పంపడం మానేసి, ఫైలును ఫైలుగానే డేటాబేస్ మిషిన్ మీద పెట్టి, నువ్వే చదువుకో అన్నాను. దానికి ఈ హద్దులు లేవు. ముందు పడ్డవన్నీ తుడిచి మొదటినుంచీ ఎక్కించాను. ఈసారి ఒక్క ఊరు కూడా పోలేదు, రెండుసార్లు పడలేదు. సరిచూశాను, మళ్లీ సరిచూశాను. మధ్యాహ్నానికి ల్యాబ్ ఫలితాలు వచ్చి కలిశాయి.

పాలగుట్ట చేదబావి: ఫ్లోరైడ్ సున్నా పాయింట్ రెండు. ఒకటిన్నర దాకా ఫరవాలేదంటారు. ఇది అందులో ఏ మూలకూ రాదు. సార్ అప్పటికప్పుడే ముద్ర వేసి కాగితం లక్ష్మీనర్సమ్మ చేతిలో పెట్టారు. వాళ్లు నవ్వుకుంటూ బస్సెక్కారు. ఈపాటికి నువ్వు కూడా నవ్వుతుంటావు.

నేను నవ్వలేకపోతున్నాను. వాళ్లు వెళ్లాక పక్క తండా చూశాను. సున్నా పాయింట్ రెండు. దాని పక్క ఊరు చూశాను, అదే. మీ దిక్కున ఉన్న బావులన్నీ అదే అంకె. ఊరి పేరు మారుతోంది, అంకె మారడం లేదు. నా కోతల్లో ఒక ఊరి అంకెనే అందరికీ అతికించానేమోనని ల్యాబ్‌కు పరిగెత్తాను. వాళ్ల కాగితాల్లోనూ అదే. వాళ్ల మిషిన్ చెడిందేమోనంటే, నల్గొండ బోరు నీళ్లు పోసి చూపించారు. అంకె ఎంత ఉండాలో అంతే వచ్చింది.

"అంకెలు మంచిగ వస్తె గూడ ఏడుస్తరేంది మేడమ్?" అన్నారు సార్. మంచి నీళ్లున్న ఊళ్లకు వచ్చే నెల నుంచి ట్యాంకరు అక్కర లేదని పైకి రాసేశారు.

నీ నడుము వంచిన బావి ఇప్పుడెలా మంచిదైంది, మామూ? సీసాలు నింపింది ఎవరు? ఊళ్లు తిరిగి నీళ్లు పట్టుకొచ్చే మా ఆఫీసు మహేష్ గారు తెచ్చిన సీసాలు సరిగ్గా మూతలు పెట్టి ఉన్నాయా? నీకు గుర్తున్నదంతా రాయి. వంకలు వెతుకుతోందనుకోకు.

ఇట్లు, మంచి వార్త చెప్పి కూడా భయపడుతున్న
జీనత్

తా.క. నీ జవాబు వచ్చేదాకా తుమ్మకంప తియ్యకు. బర్రెకు నేను సారీ చెప్పానని చెప్పు.

&nbsp;

పాలగుట్ట,
శుక్రారం

సల్లగుండు బిడ్డా జీనత్,
నీ మామూ లక్ష దువాలు.

కంప తీసేసినం. నీ ఉత్తరం రాకముందుకే తీసేసినం. లక్ష్మీనర్సమ్మ బస్సు దిగంగనే ముద్ర కాగితం చెయ్యెత్తి చూపిచ్చింది. ఎవలు ఆపుతరు? బర్రె అందరికంటె ముందుగాల ఉరికింది. మనుషులల్ల మొదట వెంకటనర్సు తాగిండు. తాగి, కండ్లు మూసుకొని, "పీరన్నా, మునుపటి లెక్కనే ఉప్పగున్నయి గని, ముద్ర పడ్డంక జర తియ్యగైనట్టు లేవా?" అన్నడు. అందరం అవునన్నం. తండోళ్లకు మాకు మాటలు కలిసినయి. వాళ్లవి గూడ మంచియేనట.

కాగితం ఫోటో తీసి ఆత్మకూరుకు పంపిన. వజీరా ఒప్పుకున్నది. ఎల్లుండి ఐతారం మిస్బా వస్తాంది. కొత్త కుండ తెచ్చి కడిగి పెట్టిన. పొద్దుగాలనే ఆ బావి నీళ్లు ఒడగట్టి నింపుత.

నీ ఉత్తరం మళ్ల నర్సే చదివిండు. అందరం నవ్వినం. మీ అమ్మ గూడ గింతే, పెండ్లిల బిర్యాని మంచిగైందంటె, ఎందుకైందో అని అడిగేది. మంచి జరిగితె గూడ అనుమానమేనా బేటీ? జర నిద్రపో.

సంతోషంతోని,
మీ పీర్ మామూ

తా.క. సీసాల ముచ్చట అడిగితివి. అండ్ల ఎవ్వరి తప్పు లేదు, మహేష్ సారు పెద్దమనిషి. సీసాలిచ్చి, నింపి పెట్టుండ్రి మాపటికి వస్తనని ఇంకో ఊరికి పోయిండు. నేనే దగ్గరుండి నింపిచ్చిన. పరీక్ష చేస్తరంటె ఎవలో ఒక సారు నోట్ల పోసుకొని చూస్తడు కద. బయటి మనిషికి చేదబావి నీళ్లు పోసిన ఇల్లు మన ఊర్ల ఇప్పటిదాక లేదు. మాకంటె తప్పది, ఆ సార్లకేం ఖర్మ? వాళ్లకు గూడ ఎముకలు, పిల్లలు ఉంటరు. గందుకే దేవరకొండకెల్లి వచ్చే ఫిల్టరు నీళ్ల ఆటోను ఆపి, కొత్త క్యాను కొని, సీసాలన్ని కడిగి మరీ పోసినం. తండోళ్లు గూడ అదే ఆటోను ఆపిండ్రు. మీ ఆఫీసోళ్లకు మేమేం తక్కువ చెయ్యలె బిడ్డా.

&nbsp;

నల్గొండ,
శనివారం

మామూకు,
జీనత్.

సలాములు రేపు ఎదురుగా చెబుతాను. ఇది అందగానే ముందు కుండ బోర్లించు. తర్వాత మిగతాది చదివించుకో.

నీ తా.క.ను మూడుసార్లు చదివాను. మా ల్యాబ్ వాళ్లు ఎంతో జాగ్రత్తగా, నెలంతా కూర్చుని, దేవరకొండ ఫిల్టర్ నీళ్లు ఫిల్టర్ నీళ్లేనని తేల్చారు. నేను వారమంతా గోడలకు తల కొట్టుకుని ఆ సంగతిని డేటాబేస్‌లో ఊరూరికీ ఎక్కించాను.

ఉత్తరం తీసుకెళ్లి రాజేందర్ సార్ ముందు పెట్టాను. కేకలు వేస్తారనుకున్నాను. "మా అత్తగారి ఊరు గూడ ఆ దిక్కే మేడమ్. నేను ఎప్పుడు పోయినా నాకు ఫిల్టర్ నీళ్లే ఇస్తరు. ఆ ఊరి నీళ్లు మంచివే అనుకున్న ఇన్ని రోజులు" అన్నారు. ట్యాంకర్లు ఆపమని రాసిన కాగితం వెనక్కి తెప్పించారు. మీ దిక్కు ఫలితాలన్నీ తీసెయ్యమన్నారు.

ఎక్కించేటప్పుడు వెయ్యి దాటొద్దంది, వంద దాటొద్దంది, నన్ను ఏడిపించింది. తీసెయ్యడానికి ఒక్క వాక్యం సరిపోయింది, మామూ. దానికి ఏ హద్దూ లేదు. నిజంగానేనా అని అడగను కూడా అడగలేదు. రెప్ప వేసేలోపు ఊళ్లన్నీ ఖాళీ. భయం ఊరికే పోదు కదా, ముందే ఒక నకలు తీసి పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ నేను ఎర్ర అక్షరాలకు భయపడ్డాను. అవి కనపడకుండా, అంతా సాఫీగా ఎక్కిన రోజుకు కదా భయపడాల్సింది!

మిస్బాను ఆత్మకూర్ నుంచి నేరుగా నల్గొండకే, నా దగ్గరికి పంపమని వజీరాతో మాట్లాడాను. జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "మాకు నీళ్లు మంచిగున్నయి, చుట్టాలకు ఏ నీళ్లు పొయ్యాలెనని మేమెన్నడు ఆలోచించలె" అని, తాను కూడా తోడుగా వస్తానంది. కాన్పు ఇక్కడే దవాఖానలో. నువ్వు వచ్చి నా ఇంట్లో ఉండు. సొరకాయలు మిగిలితే తీసుకురా.

లక్ష్మీనర్సమ్మకు, నర్సన్నకు చెప్పి బావి మీద కంప మళ్లీ వేయించు. వాళ్లు తిడితే నన్ను తిట్టమను. రేపు మొదటి బస్సుకు కొత్త సీసాలతో మహేష్ గారు, నేను వస్తున్నాం. ఈసారి ఎవరి చేతికీ ఇవ్వం, చేద మేమే వేస్తాం.

ఇట్లు, ఈ ఒక్క మాట మాత్రం తేల్చి చెబుతున్న
జీనత్

తా.క. రేపు నన్ను చుట్టంలా చూడకు. బావి నీళ్లే పొయ్యనివ్వు, మామూ. గ్లాసులో కాదు, సీసాలో.